మయసభకు వచ్చిన అతిథులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవములలో ప్రసంగించువారికి కవిత్రయమో, భాగవతమో విషయముగా నిచ్చుట వాడుక. నాకు మాత్రము మన కళాశాల విద్యార్థులు వేఱొక విషయము నొసగిరి. కంప్యూటరు ఆటలను తయారుచేయు విద్యను నేడు విశ్వవిద్యాలయములలో నేర్పుచున్నారు. ఆ తరగతులకు ఆ పరిశ్రమలోని నిపుణులు వచ్చి, విద్యార్థుల పనిని చూచి పోవుచుందురు. ఆ రాకవలన కలుగు ప్రయోజనమేమో చెప్పవలెనట. గ్రామపు లెక్కలు వ్రాసికొను నాబోటివాని నడుగుట వింతయే. మా తాతగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట పేర్లు మారినవి గాని, మా యింట లెక్కల కట్టలు మాత్రము మారలేదు. లెక్కలు వ్రాయువానికి ఒక్క సంగతి బాగుగా తెలియును. ఎవని లెక్కయు వానికి తప్పుగా కనబడదు. బయటివాడు వచ్చి చూడవలెను. ఆపాటి తెలివితోడనే ఈ సాహసమునకు పూనుకొంటిని.

“ఆటల చదువా?” అని మొగము చిట్లించువారు ఈ సభలో సగముమంది యుందురు. వారి భయము నిరాధారమైనది కాదు. పల్నాటివారికి ఆటయనగా నేమో ఒకరు చెప్పనక్కరలేదు. కోడిపోరున పందెమోడి బ్రహ్మనాయని పక్షమువారు ఏడేండ్లు ప్రవాసము చేసిరని కదా వీరచరిత్ర. బాలచంద్రుడు బొంగరమాడుచుండగా ఆ బొంగరపు ములుకు ఒక స్త్రీ కాలికి తగిలినదనియు, ఆమె యాడిన మాటయే యతనిని కారెంపూడి రణభూమికి నడపినదనియు వీరగాథలు పాడువారు నేటికిని చెప్పుదురు. కార్తికమాసపు అమావాస్యకు మొదలగు కారెంపూడి వీరుల యుత్సవములలో ఒక దినము కోడిపోరు పేరిటనే జరుగును. ఇక నిన్నమొన్నటి మాట. సెల్‌ఫోనులో రమ్మీయాడి, అప్పులపాలై, పొలము నమ్ముకొన్నవారి పట్టా మార్పు కాగితములు నా చేతిమీదుగానే పోయినవి. పేర్లు చెప్పను. వారి పిల్లలు ఈ గ్రంథాలయములోనే చదువుకొనుచున్నారు.

కావున పెద్దలకు నేను చేయు మనవి యిది. ఇంటికి పోయి భారతములో సభాపర్వమును విప్పి చూడుడు. అందు సభలు రెండు గలవు. ఒకటి మయసభ, రెండవది ద్యూతసభ. మొదటిదానిని మయుడు పదునాలుగు నెలలు శ్రమించి కట్టినాడు. నేలయున్నచోట నీరువలెను, నీరున్నచోట నేలవలెను తోచునట్లు, చూచువాని కన్ను ఎచట మోసపోవునో ముందే యెఱిగి, ఒక లోకమును నిర్మించినాడు. రెండవ సభలో నిర్మాణమేమియు లేదు. పాచికలు, పణము, ఓడినవాని సొత్తు, అంతే. ఒకే పర్వమున ఈ రెండింటిని పెట్టిన వ్యాసభట్టారకుని బుద్ధికిని, దానిని తెనిగించిన నన్నయ గారికిని మ్రొక్కవలెను. ఆట తయారుచేయుట మయుని విద్య. డబ్బు పెట్టించి యాడించుట శకుని విద్య. చట్టము కూడ ఈ భేదమును గుర్తించినది. మన రాష్ట్రము 2020లోనే పణమొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటికిని ఆ నిషేధమునే విధించుచు, పణము లేని ఆటలను వేఱుచేసి, వానిని ప్రోత్సహింపవలెనని చెప్పినది.

ఇక మయుని విద్యలో నేర్చుకొనునదేమి? దీనికి దూరము పోనక్కరలేదు. మన శివాలయ మండపపు బండమీద చెక్కియున్న పులి-మేక గడిని చూడుడు. గీతలు కలియు చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును; మేకలు ఒకదానికొకటి తోడుగా నిలిచి పులిని కదలనీయక కట్టివేయును. ఒక పక్షమునకు బలము, వేఱొక పక్షమునకు సంఖ్య. పులులను నాలుగు చేసి యాడి చూడుడు. రెండు చేసియు ఆడి చూడుడు. ఒకవైపు వానికి ఆడబుద్ధి పుట్టదు. ఆ 3కును, ఆ 15కును నడుమ నున్న తూకము ఒక్కనాట కుదిరినది కాదు. ఎందఱో, ఎన్ని తరములో, ఓడి, విసిగి, మార్చి, మరల ఆడి కుదిర్చినది. నేడు విశ్వవిద్యాలయములో నేర్పునది ఆ తూకమునే. కాని తరములు పట్టిన పనిని కొన్ని వారములలో చేయింపవలెను. కష్టమంతయు అందే యున్నది.

పనిముట్లు మాత్రము క్రొత్తవి. యూనిటీ, అన్రియల్, గోడో అని సిద్ధముగా దొరకువానిని ఆ వృత్తివారు ‘ఇంజను’ అనియే పిలుతురు. మన ఆయిలు ఇంజనును పంపునకు తగిలించిన నీరు తోడును, చొప్ప కోయు యంత్రమునకు తగిలించిన చొప్ప కోయును గదా, ఇదియు నట్టిదే. తెఱపై బొమ్మ సాధారణముగా సెకనుకు 60 మారులు క్రొత్తగా గీయబడును. ఒక్కొక్క బొమ్మకు 17 మిల్లీసెకనులకన్న తక్కువ గడువు. అంతలో వెలుగునీడలు, పాత్రల కదలిక, ఆడువాని వ్రేలి యొత్తిడి, అన్నిటి లెక్కయు తేలవలెను. తేలనిచో తెఱ తడబడును. ఇది ఒక్కని పని కాదు. తోలుబొమ్మలాటలో బొమ్మ కోయువాడు, ఆడించువాడు, పాడువాడు, మద్దెల వాయించువాడు వేఱువేఱైనట్లు, ఇందును ప్రోగ్రాము వ్రాయువారు, బొమ్మలు గీయువారు, ధ్వని కూర్చువారు, ఆట నియమములు కల్పించువారు వేఱువేఱుగా నుందురు. వారు నలుగురును కలిసి కూర్చుండి కలహింపక పని చేయుట ఇంజను నేర్చుకొనుటకన్న కష్టమని విద్యార్థులే చెప్పుచున్నారు.

ఈ విద్య చరిత్ర చూడగా, దానికి బయటి మనుష్యులతోడి సంబంధము పుట్టుకనుండియే యున్నది. అమెరికాలో బ్రూక్‌హేవెన్ అను పరిశోధనశాల గలదు. ఏటేట ప్రజలను లోనికి రప్పించి తమ పరికరములను చూపుట వారి యలవాటు. కదలక మెదలక యున్న ఆ పరికరములను జూచి ప్రజలు విసుగుచెందుచుండిరి. విలియం హిగిన్‌బాథమ్ అను శాస్త్రజ్ఞుడు దానిని గమనించి, 1958 అక్టోబరులో, అయిదంగుళముల తెఱపై వెలుగు చుక్కను బంతిగా జేసి, ఇద్దఱాడు టెన్నిసు ఆటను అమర్చెను. జనులు బారులు తీరిరి. ఆ మనుష్యుడు అంతకుముందు అణుబాంబు పనిలో దాని విద్యుత్ పరికరములు చేసినవాడు. ఆ చేతులే సందర్శకుల విసుగు పోగొట్టుటకు ఈ యాటను చేసినవి.

1972లో అటారీ సంస్థలో నోలన్ బుష్నెల్ అనునతడు, క్రొత్తగా చేరిన అల్ ఆల్కార్న్ అను ఇంజనీరునకు కేవలము శిక్షణకై ఒక చిన్న పని నప్పగించెను. అదియే ‘పాంగ్’. దానిని పట్టణములో ఒక పానశాలలో పెట్టి చూచిరి. కొన్నాళ్లకు యంత్రము పనిచేయుటలేదని కబురు వచ్చినది. ఆల్కార్న్ వెళ్లి విప్పి చూడగా చెడినదేమియు లేదు. నాణెముల పెట్టె నిండి పొంగిపొరలుచున్నది! లెక్కలవాడను గావున ఈ కథ నాకు ప్రీతి. అంతకన్న ముఖ్యమేమనగా, ఆట బాగున్నదో లేదో తీర్పు చెప్పినవారు గదిలో దానిని చేసినవారు కారు, దారిని పోవువారు.

ఇక విశ్వవిద్యాలయము సంగతి. పిట్స్‌బర్గు నగరమునందు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయము గలదు. అచట కంప్యూటరు శాస్త్ర విభాగమునకు 1991 నుండి 1999 వరకు అధిపతి మన తెలుగువారే. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున 1937లో రైతు కుటుంబమున జన్మించిన రాజ్ రెడ్డి గారు. 1994లో ట్యూరింగు పురస్కారము నందుకొన్నవారు. పల్లెల పిల్లలకై 2008లో నూజివీడు మొదలగు చోట్ల వెలసిన ట్రిపుల్ ఐటీల యేర్పాటునకు తోడ్పడినవారును వీరే. వారు అధిపతిగా నున్న కాలముననే, 1998లో, రాండీ పౌష్ అను కంప్యూటరు ఆచార్యుడును, డాన్ మారినెల్లి అను నాటకశాస్త్రాచార్యుడును కలిసి వినోద సాంకేతిక కేంద్రమును స్థాపించిరి. యంత్రము తెలిసినవాడును నటన తెలిసినవాడును సమముగా కూర్చున్నారన్న మాట. మన యక్షగాన మేళములు చూచినవారికి ఇందు ఆశ్చర్యము తోచదు.

పౌష్ అచట ‘కల్పిత లోకముల నిర్మాణము’ అను తరగతి నడపెను. మయసభ యని అనువదించినను తప్పులేదు. 50 మంది విద్యార్థులు, వేఱువేఱు శాఖలవారు. నలుగురేసి జట్టు. రెండు వారములలో ఒక లోకమును కట్టి చూపవలెను. పిదప జట్లు మారును. మరల రెండు వారములు. అట్లు అయిదు మారులు. తుపాకి కాల్పులును, అశ్లీలమును కూడదని మాత్రమే కట్టడి. మొదటి మారు వారు చేసి తెచ్చినవి చూచి ఆచార్యుడే దిగ్భ్రాంతుడయ్యెను. తాను పదేండ్లుగా ఆ విద్య నేర్పుచున్నను, ఇంత బాగుగా చేయగలరని యనుకొనలేదు. ఏమి చెప్పవలెనో తోచక తన గురువగు ఆండ్రీస్ వాన్ డామ్ గారిని ఫోనులో నడిగెను. బాగుగనే యున్నది గాని మీరింతకన్న బాగుగా చేయగలరని రేపు వారి కన్నులలోనికి చూచి చెప్పుమని ఆయన సలహా యిచ్చెను. ఎంతవరకు చేయగలరో తెలియని గురువు గీత గీసినచో, శిష్యులు ఆ గీత వద్దనే ఆగుదురని ఆయన భావము. బయటి పెద్ద చేయు ఉపకారము దీనికన్న వేఱేమి?

అచటి మఱొక యేర్పాటు చూచి నాకు ముచ్చట వేసినది. ఒక్కొక్క విద్యార్థితో కలిసి పనిచేయుట ఎంత సులభమో తోడివారు చెప్పవలెను. ఆ మాటలన్నియు పట్టికలో నెక్కించి, ఎవడు ఏ స్థానమున నున్నాడో వానికే చూపుదురు. మనలో ఎందఱికో అట్టి చిట్టా ఒకటి యున్న బాగుండునని నాకు అనేక పర్యాయములు తోచినది. పంచాయతి సభ్యులను ప్రత్యేకించి యనుటలేదు.

సెమిస్టరు చివర ఆ లోకములను అందఱకు చూపునప్పుడు మందిరము క్రిక్కిఱిసెడిదట. పౌష్ 2008 జూలైలో, 47 ఏండ్ల ప్రాయమున, క్యాన్సరుతో మరణించెను. ఆ కేంద్రము ఇంకను నడచుచున్నది.

మరల సభాపర్వమునకు వత్తును. మయసభకు ఇరువురు అతిథులు వచ్చిరి. మొదటివాడు నారదుడు. ముల్లోకములు తిరిగినవాడు, అన్ని సభలను చూచినవాడు. రాగానే ప్రశంసింపలేదు. ధర్మరాజును కూర్చుండబెట్టి ప్రశ్నలు వేసినాడు. ఆదాయవ్యయములు చూచుకొనుచున్నావా, సేవకులకు వేళకు జీతమందుచున్నదా, కృషీవలులు సుఖముగా నున్నారా యని. ఇట్టి సభ నెందైన చూచితివా యని ధర్మరాజు అడిగిన పిమ్మటనే, మానవ లోకమున చూడలేదని చెప్పి, ఇంద్ర, యమ, వరుణ, కుబేర, బ్రహ్మల సభలను ఒక్కొక్కటిగా వర్ణించినాడు. నిపుణుడు చేయవలసిన పని యిదియే. నీ పని బాగున్నదనును. అంతకన్న గొప్ప పని ఎచట నున్నదో చూపును. నడుమ జీతముల సంగతి కూడ అడుగును.

రెండవ అతిథి దుర్యోధనుడు. ఇతడు నిపుణుడు కాడు, మామూలుగా వచ్చి తిరిగినవాడు. నేల యనుకొని నీట పడినాడు. ద్వారమనుకొని గోడకు తగిలినాడు. చూచినవారు నవ్విరి. ఆ నవ్వు నుండి ఏమేమి పుట్టినదో మనకందఱకు తెలియును. ఆట తయారుచేయువారి పాఠశాలలో మొదటి నియమము ఇచటనే యున్నది. నీవు కట్టిన లోకములో క్రొత్తవాడు తడబడినచో నవ్వరాదు, “అటు కాదు, ఇటు పొమ్ము” అని చేయి చూపరాదు. నోరు మూసికొని, ఎచట పడినాడో వ్రాసికొనవలెను. ఆట అంగడికి పోయిన పిమ్మట ఆడువాని ప్రక్కన నీవు నిలుచుండి చెప్పజాలవు గదా. నిపుణుడు తరగతికి వచ్చినప్పుడు చేయు గొప్ప మేలు ఒక్కొక్కప్పుడు ఉపన్యాసము కాదు; ఏమియు చెప్పించుకొనక ఆ యాట నాడి, పడి, లేచుట.

మన దేశమున ఈ సందర్శనములు ఎట్లు జరుగుచున్నవి? నేను చూచిన ఒక కళాశాలలో (పేరెందుకు?) హైదరాబాదు నుండి వచ్చిన పెద్దమనిషికి పుష్పగుచ్ఛము, శాలువ, జ్ఞాపిక, జ్యోతి ప్రజ్వలనము, ఛాయాచిత్రములు. రెండు గంటలు గడచెను. విద్యార్థులు కంప్యూటర్లు తెఱచి వరుసగా కూర్చుండి యుండిరి. వారి పనికి పది నిమిషములు. ఆయన నిలుచుండియే “చాలా బాగుంది” అనుచు కదలిపోయెను. పిదప తెలిసినదేమనగా, ఆయన పిలిపించుకొన్నది ఒక శిక్షణ సంస్థలో చేరుటకు విద్యార్థులను పోగుచేయుటకు. మా వృత్తిలోను ఇట్టి జమాబందీలు చూచితిమి. కొందఱధికారులు బల్లమీది కట్టల నన్నిటిని తిరుగవేసి సంతకము చేసి పోవుదురు. పనితెలిసినవాడు కట్టలను ముట్టడు. ఒక్క సర్వే నంబరు చెప్పి, “పొలమునకు నడువుడు” అనును. అడంగలులో వరి యని వ్రాసినచోట మిరప యున్నదో, బీడు యున్నదో అచట తేలిపోవును. ఆట చూడవచ్చు నిపుణుడును ఒక్క విద్యార్థి ఆటను మొదటినుండి తుదివరకు ఆడిన చాలును. తక్కిన ముప్పదిమందియు తమ తప్పులు తామే దిద్దుకొందురు.

ఆ నిపుణుడు ఇంకొక నిజము కూడ చెప్పవలెను. జమ యొక్కటియే చూపి ఖర్చు దాచరాదు. ఈ పరిశ్రమ పెద్దది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థకు హైదరాబాదున కార్యాలయము గలదు. దేశములోని ఆటల తయారీదారుల మహాసభ 2023, 2024 నవంబరు మాసములలో అచటనే జరిగినది. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల గారు నడుపు మైక్రోసాఫ్టు, 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ అను ఆటల సంస్థను దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొనెను. ఇది జమ. కొన్ని నెలలకే, 2024 జనవరిలో, ఆ సంస్థయే ఆటల విభాగమున 1,900 మందిని తొలగించెను. 2023, 2024 సంవత్సరములలో లోకమంతట ఈ వృత్తిలో వేలకొలది జనులు పనులు పోగొట్టుకొనిరి. ఇది ఖర్చు. లక్షలు ఫీజు కట్టబోవు తల్లిదండ్రులకు రెండు పద్దులును తెలియవలెను. మొదటిది చెప్పుటకు ప్రకటనలున్నవి. రెండవది చెప్పుటకే నిపుణుడు కావలెను.

దూరమునుండి గురువులు వచ్చుట మన సీమకు క్రొత్తకాదు. మాచర్లకు ఆవల కృష్ణ యొడ్డున ఇక్ష్వాకుల విజయపురిలో, సింహళాచార్యుల కొఱకు బోధిశ్రీ యను ఉపాసిక చైత్యగృహము నిర్మింపజేసినదని నాగార్జునకొండ శాసనము చెప్పుచున్నది. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో విహారములతోపాటు మెట్ల వరుసలు గల క్రీడారంగమును బయలుపడినది. జలాశయము నిండకమునుపు దానిని అనుపునకు తరలించి నిలిపిరి. చదువును ఆటయు ఒకే యూర నుండుట ఆనాటివారికి తప్పుగా తోచలేదు.

ఇక మన గ్రంథాలయము చేయదగిన పని. 2022లో పల్నాడు జిల్లా యేర్పడి నరసరావుపేట కేంద్రమైనది. ఆ పట్టణపు కళాశాలలలో మన యూరి పిల్లలు చదువుచున్నారు. వారిలో ఒక బాలిక మండపములోని పులి-మేక గడిని కంప్యూటరు ఆటగా చేయుచున్నది. తండ్రి దానిని చదువుగా ఎంచుటలేదు, తల్లి మాటాడుటలేదు. వచ్చు వేసవిలో ఆ పరిశ్రమలో పనిచేయు ఒకరిద్దఱిని ఈ హాలునకు పిలువవలెనని నా ప్రతిపాదన. వేదిక వలదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు చాలును. ముందు వచ్చినవారు ఆ బిడ్డ చేసిన ఆట నాడుదురు. ఆమె నోరు విప్పక వ్రాసికొనును. పిదప మండపపు బండ దగ్గఱ దశాబ్దములుగా పులులను కట్టివేయుచున్న మన వృద్ధులను అదే ఆట ముందు కూర్చుండబెట్టవలెను. వారికి కంప్యూటరు తెలియదు గాని, తూకము తప్పినచో మొదట పసిగట్టువారు వారే. ఆ బాలిక తల్లిదండ్రులు అచట నుండవలెను. జీతముల సంగతి, తొలగింపుల సంగతి వారే అడుగవలెను.

కార్యదర్శిగారికి ఒక్క మనవి. ఆ దినమున శాలువలు కొనవలదు. ఆ సొమ్ము ఇన్వర్టరు బ్యాటరీకి ఖర్చు వ్రాయుడు. వేసవి మధ్యాహ్నము కరెంటు పోవుట మీకు తెలియనిది కాదు.